టెక్ సందేహాలు: గ్యారేజీలో విమానం.. ఆల్టర్నేటర్ ఆగితే ఏవేవి పనిచేయాలి?

ఫోన్ వేడెక్కుతోందనీ, ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందనీ రాసినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి. సొంతంగా విమానం కట్టుకుంటున్నవాళ్లు, కట్టాలనుకుంటున్నవాళ్లు రాసిన ఉత్తరాలు కొన్నాళ్లుగా పోగుపడ్డాయి. అన్నీ కరెంటు గురించే. విమానంలో కరెంటు పుట్టించేది ఇంజిన్‌తో పాటు తిరిగే ఆల్టర్నేటర్. అది ఆగితే మిగిలేది బ్యాటరీయే. ఈ వారం వాళ్లకే.

*ప్రశ్న: డాలస్ శివార్లలో ఉంటాం. ఇంటి గ్యారేజీలో వ్యాన్స్ కంపెనీ కిట్‌తో ఆర్‌వీ-10 అనే నాలుగు సీట్ల విమానం కడుతున్నాను. రేకు పని దాదాపు అయిపోయింది, లైకమింగ్ ఐఓ-540 ఇంజిన్ కూడా వచ్చేసింది. ఇక వైరింగ్ దగ్గర ఆగిపోయాను. ఆల్టర్నేటర్ 60 ఆంప్స్‌ది చాలా, ఇంకా పెద్దది కావాలా? బ్యాటరీ ఒకటా రెండా? ఫ్యూజులా, బ్రేకర్లా, ఎలక్ట్రానిక్ పవర్ బాక్సా? రాత్రిళ్లు, మబ్బుల్లో కూడా ఎగరాలని ఉంది.*

ముందు ఆ క్యాటలాగులన్నీ పక్కన పెట్టండి. తెల్లకాగితం మీద రెండు పట్టీలు రాయండి. మొదటిది, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఏ వస్తువు ఎన్ని ఆంప్స్ లాగుతుందన్నది. రెండోది, ఆల్టర్నేటర్ చచ్చిపోయాక ఏవి మాత్రం బతికుండాలన్నది. మీరడిగిన వాటిలో చాలావాటికి జవాబు ఈ రెండో పట్టీలోనే ఉంది.

మొదటి పట్టీ తేలికే. ఎత్తు, వేగం లాంటివి చూపే రెండు తెరలు, రేడియో, రాడార్‌కి జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్, జీపీఎస్, ఆటోపైలట్, ఎల్‌ఈడీ లైట్లు అన్నీ కలిపి రాత్రి ప్రయాణంలో 25 ఆంప్స్ అయ్యాయనుకుందాం. వేగం కొలిచే గొట్టానికి మంచు పట్టకుండా వేడిచేసే పిటో హీటర్ వేస్తే మరో 10. మొత్తం 35. ఆల్టర్నేటర్ సామర్థ్యంలో 80 శాతానికి మించి నిరంతర లోడు పెట్టకూడదన్నది చాలాకాలంగా నడుస్తున్న లెక్క. 60 ఆంప్స్‌కి అది 48. కాబట్టి 60 చాలు. ఎయిర్ కండిషనర్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇక రెండో పట్టీ. ఇంట్లో కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాను, లైటు నడుపుతాం గానీ గీజరు వేయం కదా! ఇక్కడా అంతే. ఒక తెర, ఒక రేడియో, దారి చూపే జీపీఎస్, ప్యానెల్‌కి కాస్త వెలుతురు. ఇవి 6 ఆంప్స్‌లో సర్దుకుంటాయనుకుందాం. హోమ్‌బిల్ట్ విమానాల్లో విరివిగా కనిపించే ఒడిస్సీ పీసీ680 బ్యాటరీ 16 ఆంపియర్-అవర్లది, అంటే లెక్కప్రకారం ఒక ఆంప్ చొప్పున 16 గంటలు. కాగితం మీదున్న అంకెను ఎప్పుడూ నమ్మకండి. వయసు, చలి లెక్కలోకి తీసుకుని 70 శాతమే ఉందనుకోండి. అంటే 11 చిల్లర. 6 ఆంప్స్ చొప్పున వాడితే గంటా యాభై నిమిషాలు. బాగానే ఉంది కదూ?

అయితే ఆల్టర్నేటర్ ఆగిన సంగతి మీరు పావుగంట దాకా గమనించలేదనుకోండి. ఆ పావుగంటలో 25 ఆంప్స్ చొప్పున 6 ఆంపియర్-అవర్లు హారతి కర్పూరమైపోతాయి. మిగిలింది 5. అంటే గంట కూడా రాదు. ఖరీదైన బ్యాటరీ కొనడం కన్నా ముందు చూడాల్సింది ఇక్కడ. ఆల్టర్నేటర్ పనిచేస్తున్నప్పుడు బస్ (పరికరాలకు కరెంటు పంచే ఉమ్మడి లైను) మీద వోల్టేజి 14 పైన ఉంటుంది. ఒంటరి లెడ్ బ్యాటరీ 12.8 దాటి ఎక్కువసేపు నిలవదు. అందుకే 13 కిందికి పడగానే కళ్లెదుట టపటపా కొట్టుకునే ఎర్రదీపం ఒకటి పెట్టండి. తెరలో ఏదో పేజీలో మూలనున్న అంకెను మీరు చూస్తారని నాకు నమ్మకం లేదు. రాత్రిపూట, వాన మబ్బులో, పక్కన ఇంటావిడ ‘ఇంకెంతసేపు’ అని అడుగుతుంటే అసలే లేదు.

అత్యవసరమైనవాటిని విడిగా ఒక ఎండ్యూరెన్స్ బస్ మీద పెట్టాలి. మామూలప్పుడు దానికి ప్రధాన బస్ నుంచి డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ద్వారా కరెంటు వస్తుంది. ఆల్టర్నేటర్ పోయాక బ్యాటరీ నుంచి నేరుగా ఇంకో స్విచ్ ద్వారా ఇచ్చి, మాస్టర్ కాంటాక్టర్‌ని (బ్యాటరీని ప్రధాన బస్‌కి కలిపే పెద్ద రిలే స్విచ్‌ని) ఆపేస్తారు. ఆపడం దేనికంటే, ఆ కాంటాక్టర్ కాయిల్ ఒక్కటే ఒక ఆంప్ దాకా తినేస్తుంది. 6 ఆంప్స్ పొదుపు బడ్జెట్‌లో అది తక్కువేం కాదు. కాంటాక్టర్ కొనేటప్పుడు నిరంతరం వాడే రకమో కాదో చూసి తీసుకోండి. స్టార్టర్‌కి పెట్టేది కొన్ని సెకన్ల వాడకం కోసం చేసింది. పైకి రెండూ కవలల్లా ఉంటాయి. దాన్ని మాస్టర్‌గా పెడితే మాడిపోతుంది. రెండింటి కాయిళ్ల మీదా తలా ఒక డయోడ్ వేయడం మర్చిపోవద్దు. లేకపోతే స్విచ్ తీసినప్పుడల్లా వచ్చే వోల్టేజి తన్నుకి స్విచ్ కాంటాక్టులు కాలిపోతాయి.

ఇంతకీ మీ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే రెండు ఇగ్నిషన్లూ ఏ రకం? ఉత్తరంలో రాయలేదు. రెండూ తమ కరెంటు తామే పుట్టించుకునే మాగ్నెటోలైతే విమానంలో కరెంటు పూర్తిగా పోయినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. ఒక మాగ్నెటో, ఒక ఎలక్ట్రానిక్ అయినా ఫర్వాలేదు. రెండూ బ్యాటరీ మీద ఆధారపడే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్లైతే, బ్యాటరీ ఖాళీ అయిన క్షణాన ఇంజిన్ కూడా ఆగుతుంది. అప్పుడు పైన వేసిన లెక్కంతా చెల్లదు. ఇగ్నిషన్‌కి రెండు వేర్వేరు కరెంటు దారులు ఉండి తీరాలి. ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ పెట్టుకున్నా అంతే.

రెండో బ్యాటరీ సంగతి. మబ్బుల్లో ఎగరాలంటున్నారు కాబట్టి, నేనైతే రెండో బ్యాటరీకి బదులు రెండో చిన్న ఆల్టర్నేటర్‌కే ఓటేస్తాను. మీ ప్యానెల్ అంతా ఎలక్ట్రానిక్ అనుకుంటున్నాను. గాలితో తిరిగే పాతకాలపు గైరోలు లేవు కాబట్టి వాటిని తిప్పే వాక్యూమ్ పంపు అక్కర్లేదు, దాన్ని బిగించే చోటు ఇంజిన్ వెనక ఖాళీగా ఉంటుంది. అక్కడ పట్టే 8 ఆంప్స్ మొదలు 20, 30 ఆంప్స్ దాకా ఇచ్చేవి దొరుకుతాయి. బ్యాటరీ ఎంత పెద్దదైనా ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. ఇది ఇంజిన్ తిరిగినంతసేపూ ఇస్తుంది.

ప్రధాన ఆల్టర్నేటర్ ఎవరిదైనా కొనండి, అధిక వోల్టేజి రక్షణ లేనిది మాత్రం వద్దు. వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లోపల షార్ట్ అయితే, ఆల్టర్నేటర్‌లో అయస్కాంత క్షేత్రం పుట్టించే ఫీల్డ్ వైండింగ్‌కి పూర్తి కరెంటు వెళ్లి వోల్టేజి అదుపు తప్పుతుంది. లక్షల విలువైన ఎలక్ట్రానిక్స్ అన్నీ ఒకే తీగ మీద ఉన్నాయి మరి. క్రోబార్ రక్షణలో వోల్టేజి 16 దాటగానే ఎస్‌సీఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఫీల్డ్ లైనును కావాలని షార్ట్ చేస్తుంది. దాంతో 5 ఆంప్స్ బ్రేకర్ పడిపోతుంది, ఆల్టర్నేటర్ ఆగుతుంది. కారు షాపులో దొరికే, రెగ్యులేటర్ లోపలే ఉన్న ఆల్టర్నేటర్లు చవకే. కానీ వాటిలో కొన్నింటిని ఒకసారి లేచాక బయటి స్విచ్‌తో ఆపలేం. ఆపలేని కరెంటు విమానంలో నాకిష్టం లేదు.

ఫ్యూజు, బ్రేకర్, ఎలక్ట్రానిక్ బాక్సు.. వీటి మీద విమానాలు కట్టేవాళ్ల మధ్య జరిగే వాదులాటలు మన ఎన్నికల చర్చలకేం తీసిపోవు. ఏది పెట్టినా అది కాపాడేది వైరునే, వైరు చివరున్న పరికరాన్ని కాదు. గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. 22 గేజి వైరుకి 5 ఆంప్స్, 20కి 7, 18కి 10 అన్న వాడుక సరిపోతుంది. బ్లేడు ఫ్యూజులు చవక, తేలిక, నమ్మకం. ఎలక్ట్రానిక్ బాక్సు వైరింగ్‌ని బాగా తగ్గిస్తుంది, ఏది ఎంత లాగుతోందో తెర మీద చూపిస్తుంది. కాకపోతే అన్నీ ఒకే పెట్టెలో. అది తీసుకుంటే ఇగ్నిషన్‌నీ, ఒక తెరనూ దానితో సంబంధం లేకుండా విడిగా కలపండి. ఇంకో సంగతి, ఫ్యూజులే పెట్టుకుంటే అమెరికా రాత్రి విమానయాన నిబంధన ప్రకారం ఒక పూర్తి సెట్టు గానీ, అవసరమైన రకానికి మూడేసి గానీ పైలట్ చేతికందే చోట విడిగా ఉంచుకోవాలి.

వైరు మాత్రం ఏఎస్22759/16 ప్రమాణంతో చేసిన, టెఫ్జెల్ ప్లాస్టిక్ తొడుగున్నదే. ఇందులో బేరం లేదు. 150 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. లావు ఎంతన్నది మాత్రం వేడిని బట్టే కాదు, దారిలో పోయే వోల్టేజిని బట్టి కూడా చూడాలి. 14 వోల్టుల వ్యవస్థలో నిరంతర లోడుకి అర వోల్టు దాటి పోకూడదు. మీ పిటో హీటర్ 10 ఆంప్స్, వైరు 5 మీటర్లు అనుకోండి. 18 గేజి మీటరుకి 21 మిల్లీఓమ్‌లు. దారిలోనే ఒక వోల్టు పైగా పోతుంది. 14 గేజి వేస్తే 0.4కి దిగుతుంది. మీది అల్యూమినియం రెక్క కాబట్టి తిరుగు దారి రేకులోంచే దొరుకుతుంది. ఫైబర్‌గ్లాస్ విమానం కట్టేవాళ్లు తిరుగు వైరు కూడా వేసి, పొడవు రెట్టింపు లెక్కేసుకోవాలి.

ఆర్‌వీ-10లో బ్యాటరీ లగేజీ వెనక, ఇంజిన్ ముక్కు దగ్గర. అందుకే మధ్యలో పోయే తీగ 2 గేజి ఉండాలి. మాస్టర్ కాంటాక్టర్ బ్యాటరీ పక్కనే ఉండాలి. స్విచ్ ఆపాక క్యాబిన్ గుండా పోయే ఆ లావుపాటి తీగలో కరెంటు ఉండకూడదు మరి.

అన్నీ అయ్యాక ఎలాగూ మొదటి దశ పరీక్షా విమానయానం సాధారణంగా 25 లేదా 40 గంటలు చేయాలి. దానికన్నా ముందు నేల మీదే ఒక పరీక్ష. బ్యాటరీ నిండా చార్జి చేసి, ఎండ్యూరెన్స్ బస్ ఒక్కటే ఆన్ చేసి, వోల్టేజి 11కి దిగేదాకా ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టుకుని చూడండి. ఏటా తనిఖీలో మళ్లీ చూడండి. మీరు అనుకున్న సమయం రావడం లేదంటే, ఇంజిన్ ఠక్కున స్టార్టవుతున్నా సరే, ఆ బ్యాటరీ మార్చేయండి.

*ప్రశ్న: న్యూజెర్సీలో మా మిత్రబృందానికి ఆర్‌వీ-10 ఉంది. లెడ్ బ్యాటరీ తీసేసి లిథియం పెడితే బరువు తగ్గుతుందని ఒకాయన పట్టుబడుతున్నారు. పెట్టొచ్చా?*

పెట్టొచ్చు, కానీ ముందు తూకం చూసుకోండి. లెడ్ రకం పీసీ680 సుమారు 7 కిలోలు, లిథియం రకం ఎర్త్ఎక్స్ ఈటీఎక్స్900 రెండు కిలోల పైచిలుకు. నాలుగున్నర కిలోలు మిగలడం నిజమే. అయితే మీ బ్యాటరీ తోకవైపు ఉంది. అక్కడ బరువు తగ్గిస్తే గురుత్వకేంద్రం ముందుకు జరుగుతుంది. ముందు సీట్లలో ఇద్దరే కూర్చుని ఎగిరినప్పుడు ఈ విమానం అసలే ముక్కు బరువు. పాత కాగితం మీది లెక్కతో ఎగరొద్దు. బరువు, బ్యాలెన్స్ మళ్లీ కొలవాల్సిందే.

రెండోది, ఇది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. లోపలి నిరోధం చాలా తక్కువ. ఖాళీ అయ్యాక ఆల్టర్నేటర్ ఎంత ఇస్తే అంతా గుటకేస్తుంది. చిన్న ఆల్టర్నేటర్లు దీనికి వేడెక్కిపోతాయి. అధిక వోల్టేజి రక్షణ లేని వ్యవస్థలో దీన్ని పెట్టొద్దు. రెగ్యులేటర్ 14.6 దాటి చార్జి చేయకుండా చూడండి. క్యాబిన్‌లోనే బిగిస్తుంటే పొగగొట్టం ఉన్న రకం తీసుకుని, ఆ గొట్టాన్ని విమానం బయటికి పెట్టండి. మీ మిత్రుడు ఇవన్నీ చేయిస్తానంటే పట్టుబట్టనివ్వండి.

*ప్రశ్న: మాది హిందూపురం. సెలవుల్లో బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లి మైక్రోలైట్ (తేలికపాటి చిన్న విమానం) ఎగరేస్తుంటాను. ఇంజిన్ రోటాక్స్ 912. వేగం పెంచేకొద్దీ హెడ్‌సెట్‌లో ‘కుయ్‌’మని సన్నటి ఈల పెరుగుతోంది. రేడియో మార్చాలా?*

రేడియో జోలికి పోకండి. ఇంజిన్ వేగంతో పాటు ఈల మారుతోందంటే అది చార్జింగ్ వ్యవస్థ నుంచి వస్తున్నట్టే. మొదట హెడ్‌సెట్ జాక్‌లు చూడండి. వాటిని రేకుకి నేరుగా బిగిస్తే గ్రౌండ్‌కి రెండు దారులు ఏర్పడి ఈ శబ్దం లోపలికొస్తుంది. ప్లాస్టిక్ వాషర్లు వేసి రేకు నుంచి వేరుచేయండి. జాక్ గ్రౌండ్ వైరు ఇంటర్‌కామ్ దగ్గర మాత్రమే కలవాలి. తర్వాత రెగ్యులేటర్ దగ్గర 22,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందో లేదో, ఉంటే కాళ్లు వదులయ్యాయేమో చూడండి. ఈ ఇంజిన్ జనరేటర్‌కి అది ఉండాల్సిందే. రెండూ బాగానే ఉంటే ఎల్‌ఈడీ లైట్లు ఒక్కొక్కటే ఆపుతూ వినండి. చవకరకం ఎల్‌ఈడీ డ్రైవర్లు కూడా రేడియోలో ఊళ పెడతాయి. విప్పి బిగించే పని మాత్రం క్లబ్బు ఇంజినీర్‌తోనే చేయించండి.

*ప్రశ్న: విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్నాం. నలుగురం కలిసి చిన్న విమానం చేద్దామనుకుంటున్నాం. వైరింగ్‌కి ఇళ్లకు వాడే పీవీసీ వైరు, కనెక్షన్లకు సోల్డరింగ్ సరిపోతాయా?*

రెండూ వద్దు. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. ఇరుకు క్యాబిన్‌లో ఆ పొగ మంట కన్నా ముందే మిమ్మల్ని పడగొడుతుంది. ఇక సోల్డర్ చేస్తే సీసం తీగల్లోకి పాకి, కొంత మేర గట్టి పుల్లలా మారుతుంది. ఇంజిన్ అదురుడుకి సరిగ్గా ఆ పుల్ల ఆగిన చోటే వైరు విరుగుతుంది. ర్యాచెట్ ఉన్న క్రింపర్ (వైరు చివర టెర్మినల్‌ని నొక్కి బిగించే పట్టకారు) కొని, మంచి టెర్మినళ్లు వాడండి. ఇన్సులేషన్‌ని కూడా పట్టుకునే రకమైతే మరీ మంచిది. మొదట పనికిరాని వైరు ముక్కల మీద చేసి లాగి చూడండి. 18 గేజి క్రింపు 38 పౌండ్లు, అంటే 17 కిలోల లాగుడుకి ఊడకూడదు. లగేజి తూచే స్ప్రింగు త్రాసు చాలు దీనికి.

కాగితాల పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టిన అమోల్ యాదవ్‌కి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి అనుమతి 2019లో. మీ కోర్సు నాలుగేళ్లే.