థార్‌ను ఉంచుకోవాలా, అమ్మేయాలా? రోజుకు 92 కిలోమీటర్ల లెక్క

ప్రశ్న: మాది సంగారెడ్డి. నాలుగేళ్ల కిందట, ఇంటి నుంచే పని చేసే రోజుల్లో, ఇష్టపడి పెట్రోల్ ఆటోమేటిక్ మహీంద్రా థార్ కొన్నాను. ఇప్పుడు నెలకు 18 రోజులు నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు వెళ్లాల్సి వస్తోంది. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రానుపోను 92 కిలోమీటర్లు. చేతికి వచ్చే జీతం 95 వేలు. ఇంటి ఖర్చు 42 వేలు, కారు ఈఎంఐ 17,500 (ఇంకా 20 నెలలు ఉంది), మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలవారీ మదుపు) 5 వేలు. బ్యాంకులో ఉన్నది 60 వేలు. మాకు మూడేళ్ల పాప ఉంది. బండి అమ్మేయమని నా భార్య అంటోంది. మైలేజీ కోసం ఒక పాత చిన్న కారు కొనుక్కుని, థార్‌ను కూడా ఉంచుకోవచ్చా?

జవాబు: మీరు లీటరుకు 10 కిలోమీటర్లు వస్తోందని రాశారు. నెలకు 1,656 కిలోమీటర్లకు, లీటరు 107 రూపాయల చొప్పున లెక్కిస్తే, పెట్రోలుకు సుమారు 17,700, దానికి మీరు చెప్పిన టోల్ 1,800 కలిపితే 19,500 అవుతుంది. ఈఎంఐతో కలిపి 37 వేలు, అంటే జీతంలో దాదాపు 39 శాతం, ఒక్క బండికే పోతోంది. బీమా, సర్వీసింగ్, టైర్లు ఇందులో లేవు. నెలాఖరుకు మిగలాల్సిన 11 వేలు ఎటు పోతున్నాయో తెలియడం లేదన్నారు కదా, వాటిలో కొంత ఇక్కడికే వస్తోందని నా అనుమానం.

ఇదే దూరాన్ని లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చిన్న కారులో తిరిగితే పెట్రోలు ఖర్చు సుమారు 9,850. తేడా నెలకు 7,850, ఆఫీసుకు వెళ్లే ఒక్కో రోజుకు దాదాపు 436 రూపాయలు. ఆ 436 రూపాయలకు మీకు దక్కుతున్న ఆనందం ఎంతో నిజాయితీగా చూసుకోండి. ఔటర్ ఎక్కేలోపు ఉదయం లారీల వెనుక మొదటి గేరు వేగంతో కదిలే బండి థార్ అయినా, మరొకటి అయినా ఒక్కటే. అనంతగిరి కొండలకు మీరు వెళ్లింది ఈ 14 నెలల్లో రెండే సార్లని మీరే రాశారు. వెనుక తలుపుల్లేని ఈ బండిలో ముందు సీటు మడిచి పాపను వెనక్కి చేర్చడం మీ భార్యకు ప్రతిసారీ ఒక పని అన్న మాట కూడా మీ ఉత్తరంలోనే ఉంది, కాబట్టి ఆమె అభ్యంతరాన్ని కేవలం డబ్బు విషయంగా తీసుకోకండి.

ఇక రెండు కార్ల ఆలోచన. వినడానికి ఇది మధ్యేమార్గంలా ఉంటుంది గానీ, లెక్కకు నిలవదు. చేతిలో డబ్బు లేదు కనుక నాలుగున్నర లక్షల పాత కారును అప్పు మీదే కొనాలి. 12 శాతం వడ్డీకి నాలుగేళ్ల అప్పు అనుకుంటే మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే సుమారు 49 వేలు. బీమా, సర్వీసింగ్‌లకు 20 వేలు, తరుగుదల 45 వేలు వేసుకున్నా మొత్తం లక్షా 14 వేలు అవుతుంది; ఏడాదికి పెట్రోలులో ఆదా అయ్యేది మాత్రం 94 వేలే. పైగా ఇంట్లో నిలబడిన థార్ ఈఎంఐ అలాగే నడుస్తుంది, దాని విలువా తగ్గుతూనే ఉంటుంది. పొదుపు కోసం రెండో కారు కొన్నామని చెప్పేవారిని నేను చాలామందిని చూశాను. వారిలో పొదుపు చేసినవారు తక్కువ.

నా సలహా: అమ్మేయండి, అదీ అప్పు తీరేదాకా ఆగకుండా. 46 వేల కిలోమీటర్లు తిరిగిన బండి ఇదే తీరున నడిస్తే, అప్పు తీరే నాటికి 80 వేలకు చేరువవుతుంది. పాత బండి కొనేవారు ముందు చూసేది ఓడోమీటరునే. మీకు చెప్పిన ధర పదిన్నర లక్షలు వస్తే, మిగిలిన అప్పు సుమారు 3 లక్షల 24 వేలు తీర్చి, నాలుగున్నర లక్షలకు చిన్న కారు కొన్నాక 2 లక్షల 76 వేలు మిగులుతాయి. ఉన్న 60 వేలతో కలిపితే అది మీ ఇంటికి ఎనిమిది నెలల ఖర్చు. ముందుగా అప్పు తీర్చినందుకు బ్యాంకు ఎంత రుసుము వేస్తుందో అప్పు పత్రంలో చూసుకుని, ఆ మేరకు తగ్గించుకోండి. నెలనెలా మిగులు 11 వేల నుంచి 36 వేలకు పెరుగుతుంది. అందులో మొదటిది మీ పేరిట కోటిన్నర టర్మ్ పాలసీ కావాలి, ఎందుకంటే ఉద్యోగం మారిన రోజు కంపెనీ ఇచ్చే బీమా మీ వెంట రాదు. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

ఆఫీసుకు వారానికి రెండు రోజులు వెళితే చాలనే పరిస్థితి ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాడిని కాదు. అప్పుడు తేడా సగానికి తగ్గుతుంది, అది మీ సరదా ఖర్చు అనుకోవచ్చు. కొండదారి మీద మనసు లాగితే, ఏడాదికి రెండు సార్లు అదే బండిని సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు తీసుకోండి.

అమ్మేటప్పుడు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. నాలుగేళ్లుగా క్లెయిమ్ చేయలేదు కనుక మీకు 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) ఉంటుంది. అది బండిది కాదు, మీది. బీమా సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త పాలసీకి వాడుకోవచ్చు, అయితే ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియం మీదే వర్తిస్తుంది. థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టం) ప్రీమియం చిన్న ఇంజిన్ కారణంగా తగ్గుతుంది: 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం 1,500 సీసీ దాటిన కారుకు ఏడాదికి 7,897 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ఉన్నదానికి 3,416. సొంతానికి వాడుకున్న కారు అమ్మకంపై మూలధన లాభాల పన్ను ఉండదు. అప్పు తీరగానే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో తాకట్టు నమోదును కొట్టేయించండి. తర్వాత 29, 30 ఫారాల మీద కొన్నవారి పేరుకు మార్పించండి. పేరు మారకుండా బండి ఇచ్చేస్తే, రేపు ప్రమాదం జరిగినా పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. కాబట్టి డబ్బు ఖాతాలో పడిందని నిశ్చింతగా ఉండకుండా, కొత్త ఆర్‌సీ ప్రతి మీ చేతికి వచ్చేదాకా కొన్నవారిని అడుగుతూనే ఉండండి.