చిక్కిపోయిన పిల్లికి ట్యూబ్ ఆహారం: ఏం కలపాలి, ఎంత పెట్టాలి?

మెడ దగ్గర నుంచి ఆహారనాళంలోకి ట్యూబ్ వేసిన మీ పిల్లికి పాలు, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్లు కలిపి పెట్టొచ్చా, త్వరగా బరువు పెరగాలంటే ఎంత పెట్టాలి అని అడిగారు. ఎముకలు తేలిన పిల్లుల్ని ఇంట్లో ఉంచుకుని ట్యూబ్‌తో సాకినదాన్ని కాబట్టి చెప్తున్నాను: మొదటి వారం బరువు ఊసే వద్దు.

చాన్నాళ్లు తిండి లేని ఒంట్లోకి ఒక్కసారిగా ఆహారం పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. దాంతో కండరాల్లో బలం తగ్గి పిల్లి మెడ వాల్చేస్తుంది. ఫాస్ఫరస్ మరీ పడిపోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఇదే రీఫీడింగ్ సిండ్రోమ్. హమ్మయ్య, కడుపులో కాస్త పడింది అనుకునే ఆ తొలి రోజుల్లోనే వస్తుంది. అందుకే రక్తపరీక్షలు ఎప్పుడెప్పుడు చేయాలో, థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలో లేదో ముందే డాక్టర్‌ని అడగండి.

ఎంత పెట్టాలన్నదానికి లెక్క ఉంది. ఇప్పుడున్న బరువునే తీసుకోండి, ఉండాల్సిన బరువును కాదు. 3 కిలోలైతే క్యాలిక్యులేటర్‌లో 3×3×3 కొట్టి, వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణించండి. సుమారు 160 వస్తుంది. విశ్రాంతిగా ఉన్న పిల్లికి రోజుకు కావాల్సిన కేలరీలు ఇవి. మొదటి రోజు అందులో పావు వంతు, అంటే 40 చాలు. దాన్ని కూడా ఐదారు సార్లుగా పెట్టాలి. తట్టుకుంటే కొన్ని రోజుల మీద మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు.

ఇక పాలు, గుడ్డు మిశ్రమం వద్దు. మనుషుల కోసం అమ్మే ట్యూబ్ ఫీడింగ్ పొడులూ సరిపోవు. పిల్లికి ప్రోటీన్ ఎక్కువ కావాలి, టారిన్ అనే అమైనో ఆమ్లం ఆహారంలోనే అందాలి. టారిన్ లోపిస్తే కంటి రెటీనా, గుండె దెబ్బతింటాయి. అర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం లేకపోతే అమ్మోనియా రక్తంలో పేరుకుంటుంది. బరువు ఒక్కటే చూసుకుంటే ఇవేవీ కంటికి కనబడవు. పిల్లుల కోసమే చేసిన రికవరీ వెట్ ఫుడ్ (కోలుకునే పిల్లులకిచ్చే తడి ఆహారం) తీసుకుని, గోరువెచ్చని నీళ్లతో మిక్సీలో మెత్తగా తిప్పి, సన్న జల్లెడలో వడకట్టండి. నీళ్లు పోసేకొద్దీ పలుచనై మిల్లీలీటరుకు కేలరీలు తగ్గుతాయి కాబట్టి ఎంత పోశారో రాసి పెట్టుకోండి. ఉల్లి, వెల్లుల్లి పొడి కలిసిన పసిపిల్లల (మనుషుల) ఆహారం పొరపాటున కూడా వాడొద్దు.

ట్యూబ్‌లో ముందు 5 మిల్లీలీటర్ల నీళ్లు, తర్వాత ఆహారం, మళ్లీ నీళ్లు. మొత్తం పావుగంటైనా పట్టాలి. నేనైతే పిల్లి ముఖం చూస్తూ సిరంజి నొక్కుతాను. పెదాలు నాక్కుంటూ గుటకలు వేస్తోందంటే వికారం మొదలైనట్టే, అక్కడితో ఆపేస్తాను. నీళ్లు పంపేటప్పుడు దగ్గు వచ్చినా, వాంతిలో ట్యూబ్ కదిలినా మళ్లీ ఏమీ పంపకండి. ట్యూబ్ ఎక్కడుందో ఎక్స్‌రేలో తేలాకే తర్వాతి ఫీడింగ్.