మొవ్వు విరిగిన చెట్టు దగ్గర మొదలుపెట్టు

అమ్మాయికి,

నీ ఈస్టర్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకు పుట్టింది. రెండోసారి నాలుగో పేజీ చివర ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "తుపాను తరవాత మా తాత తోటలోకి వెళ్ళడం మానేశాడు" అని రాశావు. రాసి, వెంటనే "అయినా ప్రతి చెట్టూ మళ్ళీ చిగురిస్తుంది, ఇదే పునరుత్థాన సందేశం" అంటూ పరిగెత్తేశావు. ఆ రెండు వాక్యాల మధ్య వదిలేసిన సంగతే నువ్వు రాయాల్సింది. నీకు చెయ్యి ఉంది, అందులో అనుమానం లేదు. ఉండబట్టే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు చిరాకు సంగతి. మంచు కరిగిందనీ, గడ్డకట్టిన నేల పగిలి లిల్లీలు తలెత్తాయనీ మొదలుపెట్టావు. శ్రీకాకుళం తీరాన మన ఉద్దానంలో నేల ఏనాడు గడ్డకట్టింది తల్లీ? అవి చలిదేశాల ప్రసంగాల్లోని మాటలు. నెలల తరబడి మంచుకింద బతికేవాళ్ళకి ఆ పోలిక నిజం, మనకి అరువు. యేసు నడిచిన నేలకి కూడా అది అతకదు. యూదయలో చలికాలమే వానకాలం. వానలు వెనకబట్టాక కొండలమీద పూలు పూస్తాయి, యూదుల పస్కా పండగ నాటికి యవల చేలు కోతకొస్తాయి. ఆ పంటలో కోసి కట్టిన మొదటి పనని యాజకుడి దగ్గరికి తేవాలని లేవీయకాండం 23వ అధ్యాయం చెబుతుంది. పౌలు క్రీస్తుని "ప్రథమఫలం" అన్నది ఇది మనసులో పెట్టుకునే. మొదటి పన చేతికొచ్చిందంటే చేను పండినట్టే, మిగతా పనలు వెనకాల వస్తాయి. మన నిరీక్షణ అంతా ఆ "వెనకాల" అన్న మాటలో ఉంది. పన అంటే ఏమిటో మీ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. లిల్లీని మాత్రం బొమ్మలో చూపించాలి.

ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఏ ఆదివారమైనా రావచ్చు. ఆ అయిదు వారాల్లో మన జిల్లాలో ఏ చెట్టు ఎలా ఉంటుందో తిరిగి చూసి కాగితమ్మీద పెట్టుకో. నువ్వు ఈస్టర్ ఉదయాన మామిడిపూత వాసన రాశావు. పూత పుష్యమాఘాల నాటిది, ఈస్టర్‌కి కాయ ఊరుతూ ఉంటుంది. మోదుగ అప్పటికి ఎర్రపూలు రాల్చేసుకుంటుంది. వేప కొత్త చిగురుమీద పూత పడుతుంది. రావి చిగురు రాగిరంగులో మెరుస్తుంది. జీడితోటల్లో పిక్కలు ఏరుతుంటారు, కిందపడ్డ పళ్ళు పులిసి తోటంతా ఆ వాసనే. మినుము, పెసర పీకేసిన మళ్ళు బీటలు వారి ఉంటాయి, చెరువు అడుగంటుతుంది. మన వసంతం వాన లేని కాలంలో వస్తుంది. నేలపైన తడి లేకపోయినా వేపకి చిగురు వస్తుంది, లోతుకి దిగిన వేరుకి అందే నీళ్ళతో, కాండంలో దాచుకున్న ఆహారంతో. దీని గురించి ఒక్క పేరా రాయి. మొదటి రెండు పేజీలు కొట్టేసినా నష్టం లేదు.

ఆ రోజుల్లోనే సీతంపేట వైపు కొండల్లో ఇప్పపువ్వు రాలుతుంది. రాలేది రాత్రి చివరి జాములో. చెట్టుకింద ముందే ఊడ్చి ఉంచుకుని, వెలుగు రాకముందే ఆడవాళ్ళు బుట్టలతో చేరుకుంటారు. ఆలస్యమైతే పశువుల పాలు. సుగంధద్రవ్యాలు పట్టుకుని చీకటితో యేసు సమాధికి బయల్దేరిన మగ్దలేనే మరియని, ఆమెతో ఉన్నవాళ్ళని ఈ ఆడవాళ్ళ నడకలో చూడు. సమాధి రాయి ఎవరు దొర్లిస్తారని వాళ్ళు దారిలో అనుకున్నారని మార్కు రాశాడు. పనిమీద వెళ్ళే ఆడవాళ్ళ మాట అది. నువ్వేమో వాళ్ళచేత పద్యాలు పాడించావు.

ఇంకో తప్పు: వాళ్ళని "అమావాస్య చీకటిలో" నడిపించావు. పస్కా యూదుల నీసాను నెల 14న, అంటే పున్నమికి. మూడోనాటి తెల్లవారుజామున చంద్రుడు కాస్త తరిగి పడమటి వైపు ఆకాశంలో ఉండి తీరాలి. సిలువనాటి మధ్యాహ్నపు చీకటిని నువ్వు సూర్యగ్రహణం అనడం కూడా ఇందుకే నిలవదు, ఆ గ్రహణం అమావాస్యకే పడుతుంది. మన ఈస్టర్ కూడా పున్నమి లెక్కమీదే నడుస్తుంది. 2026లో పున్నమి ఏప్రిల్ 2న, ఈస్టర్ 5న. అలాంటి ఏడాది సమాధులతోటకి నాలుగు గంటలకే వెళ్ళి చూడు. కొవ్వొత్తి వెలిగించకముందే సున్నం కొట్టిన సమాధులు ఒక్కొక్కటీ వెన్నెల్లో విడిగా కనిపిస్తాయి. అది చూసి రాసినవాళ్ళు మళ్ళీ అమావాస్య అనరు.

విత్తనం పోలిక. "గింజ చచ్చి బతికినట్టే యేసు లేచాడు" అని రాశావు. రైతు దగ్గర ఈ మాట చెల్లదు. విత్తనవడ్లు ఉప్పునీళ్ళలో పోసి తేలిన తాలు తీసేసి, 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు గోనెలో మండె కడతాడు. చచ్చిన గింజ మొలవదని ఆయనకి తెలుసు. మొలిచేది లోపల బతికున్న అంకురం. యోహాను 12లో ప్రభువు గోధుమగింజని తీసుకున్నది ఒంటిగా ఉండిపోవడానికీ విస్తారంగా ఫలించడానికీ ఉన్న తేడా చెప్పడానికి. మొదటి కొరింథీ 15లో పౌలు తీసుకున్నది విత్తిన శరీరం వేరు, లేచే శరీరం వేరు అని చెప్పడానికి. ఏ పోలిక దేనికోసం వచ్చిందో అంతవరకే వాడు. లాగితే చిరుగుతుంది.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. కొబ్బరిచెట్టుకి పెరిగే మొగ్గ ఒక్కటే, తలలో, మొవ్వులో. మొవ్వు విరిగినా, కుళ్ళినా, ఎర్రముక్కు పురుగు తిన్నా చెట్టు పోయినట్టే. పక్కనుంచి కొమ్మ రాదు. మామిడి, వేప, జీడి మొద్దు మిగిలితే చిగుళ్ళు వేస్తాయి, కొబ్బరి వెయ్యదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తలలు తెగి నిలబడ్డ మానులు ఏ వసంతంలోనూ పచ్చబడలేదు. "ప్రతి చెట్టూ మళ్ళీ చిగురిస్తుంది" అన్న నీ వాక్యం మీ తాతకి చదివి వినిపించగలవా?

యోబు 14వ అధ్యాయం తెరువు. నరికిన చెట్టుకి ఆశ ఉంది, నీటి వాసన తగిలితే చిగురిస్తుంది, మనిషి అలా కాదు, పండుకుంటే లేవడు అంటాడు. నువ్వు దాటేసిన మాట బైబిలే చెప్పేసింది. పైగా చిగురు వేసిన చెట్టు అసలు చావలేదు, వచ్చే ఏడు మళ్ళీ ఆకు రాలుస్తుంది. క్రీస్తు లేచాడు, ఇక చావడు. ఆయన సమాధి ఒక తోటలో ఉందని యోహాను చెప్పాడు. కాలం వసంతం. మరియ ఆ తోటలో నిలబడి ఏడుస్తోంది. చిగుళ్ళు చూసి ఆమె కన్నీళ్ళు ఆగలేదు. ఎదురుగా ఉన్నాయన్ని తోటమాలి అనుకుంది. ఆయన "మరియా" అని పిలిచినప్పుడు తెలిసింది. వసంతాన్ని గుర్తు చెయ్యడానికి వాడుకో, రుజువుగా నిలబెట్టకు. ఎన్నిసార్లయినా ఈ మాటే చెబుతాను. రుజువుగా నిలబెడితే మొవ్వు విరిగిన చెట్టు ముందు నీ సువార్త మూగబోతుంది. గుర్తుగా వాడితే, ఆ చెట్టు ముందు కూడా "ఆయన లేచాడు" అనగలవు.

విశ్వాసం పంచుకునే భాగంలో పొరుగింటివాళ్ళ ఉగాది పచ్చడిని ఎత్తిపొడిచావు. తీసెయ్యి. ఆ వేపపూత నీ వ్యాసంలోనూ ఉంది, దేవుడు పూయించిందే. పేతురు అడిగినవాళ్ళకి సాత్వికంతో చెప్పమన్నాడు, అడగాలంటే ముందు నీ గుమ్మం ఎక్కాలి కదా. సాక్షి అంటే కోర్టులో సాక్షిలాంటివాడే. చూసింది చెబుతాడు, తీర్పు చెప్పడు. పౌలు కూడా, లేచిన క్రీస్తు కేఫాకు, అంటే పేతురుకి, పన్నెండుమందికి, అయిదువందల పైచిలుకు మందికి కనబడ్డాడని పేర్లూ లెక్కా పెట్టి, వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని చేర్చాడు. స్త్రీల మాట మొదట శిష్యులకే వెర్రిమాటగా తోచిందని లూకా దాచకుండా రాశాడు. నువ్వు కూడా అనుమానపడ్డ రోజుంటే రాయి. "రక్షణ", "విమోచన" అన్న మాటలు ఒక్కోసారే వాడి, వెంటనే ఒక మనిషినో ఒక పనినో చూపించు. ఆశ్చర్యార్థకాలు ముప్పై ఒకటి లెక్కపెట్టాను. ఒక్కటీ వద్దు.

"యుండెను", "గావించెను" కూడా వద్దు. పాత బైబిలు అనువాదం చదివి చదివి అదే భక్తి భాష అనుకుంటారు కొత్తవాళ్ళు. వాడుకభాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది మన పర్వతాలపేటలోనే. పండగ సంచికల సంపాదకులు దీనికి ఒప్పుకోరు, నాకు తెలుసు. ఏటా అట్టమీద అదే లిల్లీ, అదే సీతాకోకచిలుక. "చోడి అంబలి" అని రాసి పంపితే "రాగి జావ" అని దిద్ది వేశారు ఒకరు. ముప్పై ఏళ్ళయింది, ఇప్పటికీ మింగుడుపడలేదు. నువ్వు పిక్కలు అంటే పిక్కలు అనే ఉంచమని అడుగు. దిద్దితే వెనక్కి తెచ్చుకో.

పుస్తకంగా వెయ్యడం సంగతి తరవాత.

ముందు తోటకి వెళ్ళు. మీ తాతని తీసుకెళ్ళగలిగితే మరీ మంచిది. బలవంతం మాత్రం చెయ్యకు. ఎన్ని చెట్లు పడ్డాయో, ఎన్ని మానులు ఇంకా నిలబడి ఉన్నాయో లెక్కపెట్టు. వాటి మధ్య కొత్త మొక్క ఏదైనా ఉందేమో చూడు. పొడుగు రకం కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ వయసులో ఆయన మొక్క నాటాడా, నాటితే ఏ ఏడాది, ఎవరికోసం అని అడుగు. ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాసి పంపు.