రెండో భాగం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ హారర్ నవల రెండో భాగం చదివాను. మొదటి భాగంలో దిగుడుబావిలో ఉన్నదేమిటో చివరిదాకా దాచావు, గుండె ఝల్లుమంది. ఇందులోనూ సగం పుస్తకం దాకా దాన్నే దాచావు. కానీ అదేమిటో పాఠకుడికి ఇప్పుడు తెలుసు కదా! "ఎంత రాసినా టెన్షన్ రావడం లేదన్నా" అన్నావు. ఒకసారి 'జాస్ 2' చూడు. 1978లో వచ్చింది. మొదటి దానంత గొప్ప సినిమా కాదు. అయినా కొనసాగింపు రాసేవాడికి దాంట్లో దొరికేది ఎక్కువ.

1975లో స్పీల్‌బర్గ్ తీసిన 'జాస్'లో సొరచేప చాలాసేపు కనిపించదు. మర సొరచేప ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించడం కూడా అందుకొక కారణం. రెండో సినిమా తీసిన జానో ష్వార్క్‌కి ఆ దాపరికం మిగల్లేదు. అందుకే మొదట్లోనే దాన్ని పడవ మీదికి తెచ్చేశాడు. పడవలోని ఆవిడ దాని మీద పెట్రోలు చల్లి ఫ్లేర్ గన్ (ఆపదలో సిగ్నల్‌గా మంట వదిలే తుపాకీ) పేలుస్తుంది. పడవ పేలిపోతుంది, సొరచేప కాలిన ముఖంతో బతుకుతుంది.

మరి భయం ఎక్కడిది? పోలీస్ చీఫ్ బ్రోడీ దగ్గరుంది. ఆమిటీ ఊళ్లో సొరచేప మళ్లీ వచ్చిందని నమ్మేది అతనొక్కడే. బీచ్‌లో టవరెక్కి కూర్చుంటాడు. నీళ్లలో నల్లటి నీడ కదులుతుంది. గంట కొడతాడు, అందరూ బయటికి రండని అరుస్తాడు, పరుగున దిగొచ్చి నీళ్లలోకి తుపాకీ కాలుస్తాడు. జనం పిల్లల్ని లాక్కుంటూ పరుగెత్తుతారు. తీరా చూస్తే అది చేపల గుంపు. ఈ సీన్‌లో సొరచేప లేదు, చుక్క రక్తం లేదు. నాకు మాత్రం సినిమా మొత్తంలో ఒళ్లు జలదరించింది ఇక్కడే. సొరచేప ఉందన్న అతని మాట నిజం. కానీ ఆ రోజు, ఆ నీడ విషయంలో, ఊరందరి ముందూ పొరబడ్డాడు. ఇక అతని మాట ఎవరు వింటారు?

తర్వాత టౌన్ కౌన్సిల్ ముందుకు ఫొటో పట్టుకెళ్తాడు. చనిపోయిన డైవర్ల కెమెరాలో దొరికిందది. అతనికి అందులో సొరచేప కన్ను కనిపిస్తుంది. వాళ్లకు ఏదో మసక తప్ప ఏమీ కనిపించదు. దగ్గరగా చూసినవాణ్ని, మళ్లీ ఆ నరకం పడలేనని మొత్తుకుంటాడు. ఉద్యోగం ఊడుతుంది. బ్రోడీగా వేసిన రాయ్ షైడర్ ముఖం చూడు అక్కడ. మొదటి సినిమాలో జరిగిందంతా ఆ ముఖంలో ఉంటుంది. కొనసాగింపుకి ఉన్న ఆస్తి అదే తమ్ముడూ. బతికి బయటపడ్డవాడు తెలిసినదాన్ని మోస్తుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు మర్చిపోయి హాయిగా ఉంటారు.

ఇంకొకటి. సొరచేపలు పగ పడతాయా అన్న అనుమానం బ్రోడీకే వస్తుంది. అవి దేన్నీ మనసులో పెట్టుకోవని సముద్రజీవుల శాస్త్రవేత్త చెబుతుంది. అంతటితో ఆపేశారు, మంచిపని చేశారు. 1987లో వచ్చిన నాలుగో సినిమాలో సొరచేప ఆ కుటుంబం మీద పాములా పగబట్టి వెంటాడుతుంది. భయం పోయి నవ్వులపాలైంది. బావిలో ఉన్నది ఎందుకు తిరిగొచ్చిందో చెప్పడానికి నువ్వూ ఒక అధ్యాయం పెట్టావు. ఆ పూర్వజన్మ కథ తీసెయ్.

'జాస్ 2' రెండో సగంలో పడవలేసుకుని పోయిన కుర్రకారు మరీ ఎక్కువ. ఎవరు ఎవరో గుర్తుపట్టేలోపు ప్రమాదం ముంచుకొస్తుంది. బ్రోడీ కొడుకులిద్దరూ వాళ్లలో ఉండబట్టి గానీ మనకు అంత పట్టేది కాదు. నీ నవలలో కాలేజీ పిల్లలు తొమ్మిదిమంది. ముగ్గుర్ని ఉంచు.

నీ టీచరమ్మ పంచాయతీ ముందు నిలబడి బావి పూడ్చమని బతిమాలే ఘట్టం ఉంది చూడు, దాన్ని ఒక్క పేరాలో తేల్చేశావు. సర్పంచిని చెడ్డవాణ్ని చేశావు, అదీ సులువైపోయింది. ఆయనకు ఆమె మీద గౌరవం ఉండనీ. పోయినసారి ఆమె చెప్పింది తప్పని తేలిన రోజొకటి ఊరందరికీ గుర్తుండనీ. ముందు ఆ ఒక్క ఘట్టం తిరగరాసి పంపు, మిగతా అధ్యాయాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అన్నయ్య