డల్లాస్ ప్రయాణం: చెల్లెలికి ఉత్తరం

కావలిలో ఉన్న చెల్లెలికి నెల్లూరు నుంచి అన్నయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన టికెట్ చూశాను. చెన్నైలో రాత్రి 9.45కి ఎక్కితే డల్లాస్‌లో పొద్దున 9.40కి దిగుతాం, పన్నెండు గంటలే కదా అన్నావు. కాదమ్మా. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. ఈ ఎండాకాలంలో డల్లాస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అదీ కలిపితే దాదాపు ఇరవై రెండున్నర గంటలు. దుబాయ్‌కి నాలుగు గంటల పైన, అక్కడ విమానం మారడానికి రెండు, ఆ తర్వాత ఏకంగా పదహారు గంటలు కుర్చీలోనే.

బావగారు నెట్‌లో కిలోమీటర్లు చూసి లెక్కలు వేస్తున్నారటగా. దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 12,900 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున పద్నాలుగు గంటల చిల్లరే కదా అని ఆయన వాదన. రన్‌వే దాకా పాకే టైం, పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ తగ్గే వేగం ఆ లెక్కలో లేవు. పైగా పది కిలోమీటర్ల ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకి గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి మామూలుగా గంటకు పైనే కలిసొస్తుంది. ఎదుటి తెర మీద విమానం ఉత్తరానికి ఎగబాకుతూ కనిపిస్తే దారి తప్పిందని ఆయన్ని కంగారు పడొద్దను. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తే అదే దగ్గర దారని ఆయనకే తెలుస్తుంది.

నీ షుగర్ మాత్రల సంగతి ముఖ్యం. అక్కడి గడియారం చూసి వేసుకుంటే తేడా వస్తుంది. దారిలో ఎన్ని గంటలకొకటి వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకో. ఒక చేతి గడియారం మన టైంలోనే ఉంచు. మాత్రలు, చీటీ చేతి సంచిలో పెట్టుకో. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోనే, చేతిలో పెట్టుకుంటే చెకింగ్‌లో తీసి పారేస్తారు. మోకాళ్ల నొప్పి కదా, వీల్‌చైర్ ఇప్పుడే రాయించమని అమ్మాయికి చెప్పు. మొహమాటం వద్దు. దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి చాలా దూరం నడవాలి.

ఇంటి దగ్గర బయలుదేరడం కూడా ప్రయాణంలో లెక్కే. తడ దాటేదాకా హైవే బాగానే ఉంటుంది, ఆ తర్వాతే ట్రాఫిక్. ఎయిర్‌పోర్టేమో ఊరికి అవతల మీనంబాకంలో ఉంది. మధ్యాహ్నం పన్నెండుకే భోంచేసి కారెక్కండి. డ్రైవర్‌కి 9.45 ఫ్లైట్ అని చెప్పొద్దు, సాయంత్రం ఆరున్నరకి ఎయిర్‌పోర్టులో ఉండాలని చెప్పు.

మీ అన్నయ్య