మన ఐరన్ ఓర్ వ్యాగన్, ఇక్కడి కిట్లతో

ప్రశ్న: అన్నా, మాది విశాఖ, మర్రిపాలెం. చదువుకోసం ఇంగ్లండ్‌లోని డెర్బీ వచ్చాను. కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) నుంచి హార్బర్‌కు ఐరన్ ఓర్ తెచ్చే బాక్స్‌ఎన్ వ్యాగన్ మోడల్ ఒకటి తయారు చేసి, రైల్వేలో రిటైరైన నాన్నకు సంక్రాంతికి ఇవ్వాలని ఉంది. ఏ కిట్ కొనాలి?

జవాబు: బాక్స్‌ఎన్ కిట్ ఇక్కడి షాపుల్లో దొరుకుతుందని ఆశపడకండి. వేరే కిట్‌ను మార్చుకోవాల్సిందే. బ్రిటన్‌లో ఎక్కువగా వాడే డబుల్‌ఓ సైజు అసలు బండిలో 76వ వంతు, హెచ్‌ఓ 87వ వంతు. రెండూ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి కాబట్టి కొత్తవాళ్లు కలిపి కొనేస్తారు. మీరు హెచ్‌ఓలో అమెరికన్ గూడ్స్ కిట్ తీసుకోండి. బాక్స్‌ఎన్‌కు ఇక్కడి పాత వ్యాగన్లలా కొసల్లో రెండు పక్కలా తాకిడిని ఆపే బఫర్లుండవు, మధ్యలో వ్యాగన్లను కలిపే కప్లర్ ఉంటుంది. అడుగున ఉండే క్యాస్నబ్ బోగీలూ (అంటే చక్రాలు బిగించిన చట్రాలు) అమెరికన్ వాటిలాగే కనిపిస్తాయి. అవి ఉంచుకుని, పక్కగోడలు స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీట్‌తో కొత్తగా కట్టండి. అసలు వ్యాగన్ కప్లర్లతో కలిపి సుమారు 10.7 మీటర్లు, మోడల్‌లో 12.3 సెంటీమీటర్లు.

మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19.3 వస్తుంది, మోడల్ పట్టాలేమో 16.5. అంటే చక్రాలు కాస్త లోపలికి ఉంటాయి. నాన్నగారు పట్టేస్తారు, పట్టుకోనివ్వండి. దానికోసం సొంతంగా పట్టాలు వేయబోతే చదువు అటకెక్కుతుంది.

అయితే దీనికంటే ముందు పీకో వాళ్ల పార్క్‌సైడ్ కిట్లలో బ్రిటిష్ 16 టన్నుల మినరల్ వ్యాగన్ ఒకటి కొని, ఏ మార్పూ లేకుండా కట్టండి. నాలుగే చక్రాలు, చెయ్యి తిరగడానికి అది చాలు. ఇత్తడి బేరింగులు, చక్రాలు కూర్చాక జిగురు పూర్తిగా ఆరకముందే అద్దం ముక్క మీద నిలబెట్టండి. నాలుగు చక్రాలూ ఆనాలి. ఒకటి లేచి ఉంటే బండి దారి మారే పాయింట్ల దగ్గర పట్టా తప్పుతుంది, పైన ఎంత బాగా రంగు వేసినా లాభం లేదు. జిగురంటే ఫెవిక్విక్ కాదు, ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే పల్చటి సాల్వెంట్. బ్రష్ కొనతో అతుకు దగ్గర ముట్టిస్తే తనే లోపలికి పాకుతుంది. కిటికీ తెరిచి చేయండి, లేకపోతే రూమ్మేట్ తల పట్టుకుంటాడు.

బరువు ఇరుసుకు 25 గ్రాముల చొప్పున లెక్కేయండి. బరువు కోసం వేసే సీసపు గుళ్లను ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో మూసేయవద్దు. కొన్నేళ్లకు సీసం తెల్లబడి, ఉబ్బి, గోడల్ని చీల్చేస్తుంది. ఎపాక్సీ వాడండి. ఇనుప నట్లు వేద్దామంటే, సముద్రపు గాలికి ఇనుము ఏమవుతుందో విశాఖవాళ్లకు నేను చెప్పాలా? ఈ బరువును ఓర్ కుప్ప కింద దాచేయొచ్చు. బాక్స్‌ఎన్ ప్రధానంగా బొగ్గు కోసం చేసిన బండి. ఓర్ చాలా బరువు కాబట్టి అంచుదాకా నింపరు, సగానికి దిగువనే ఆపుతారు. మోడల్‌లో పైదాకా పోశారంటే నాన్నగారు మొదట అదే అంటారు.

మిగిలిన సాల్వెంట్, స్ప్రే రంగులు ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. మండే సరుకు కాబట్టి విమానంలో చేతి సంచిలోనూ, చెక్-ఇన్‌లోనూ కుదరదు. కత్తులు చెక్-ఇన్‌లో వేయండి. వ్యాగన్‌ను మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోండి, కానీ టేపు చుట్టేయకండి. సీసం స్కానర్‌లో నల్లటి ముద్దలా కనిపిస్తుంది, తెరిచి చూపించమని అడుగుతారు.