పింఛను తాకట్టు పెట్టి రెండో షాపా?

ప్రశ్న: 1990లో ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేరాను. కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దాకా రేషన్ లారీ నడిపాను. 24 ఏళ్ల సర్వీసు చేసి 2014 ఆగస్టులో హవల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు 54 ఏళ్లు. చేతికొచ్చిన డబ్బుతో ఆ దసరాకి పెందుర్తిలో హార్డ్‌వేర్, పెయింట్ల షాపు పెట్టాను. తొమ్మిది రోజులకే హుద్‌హుద్ తుఫాను వచ్చి ఆరు లక్షల సరుకు పోయింది. అప్పు చేసి మళ్లీ నిలదొక్కుకున్నాను. ఇప్పుడు పింఛను 28 వేలు వస్తుంది, షాపులో అద్దె 18 వేలు, ఇద్దరు పనివాళ్ల జీతాలు 24 వేలు పోను 30 వేలు మిగులుతుంది. పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 42 వేలు, మిగిలింది మళ్లీ సరుకులో పెడుతున్నాను. మేస్త్రీలు, కాంట్రాక్టర్ల దగ్గర 3 లక్షల 20 వేల అరువు రావాలి. గాజువాకలో రెండో షాపుకి 15 లక్షలు కావాలి. పింఛను మీద బ్యాంకు 8 లక్షలు ఇస్తానంది, ఏడేళ్లు నెలకు 13,700 కిస్తీ. మిగతా 7 లక్షలు తెలిసినాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. ప్రామిసరీ నోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులు మూడు అడుగుతున్నారు. ఈ రెండూ తీసుకోనా, లేక ఇల్లు తాకట్టు పెట్టి మొత్తం బ్యాంకులోనే తీసుకోనా? ఖాతాలో 40 వేలు ఉన్నాయి. (మాజీ సైనికుడు, పెందుర్తి)

జవాబు: హవల్దార్ గారూ, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర రాశారు. ఖాతాలో ఉన్నది 40 వేలు. ఏ అప్పు మంచిదన్నది తర్వాత చూద్దాం, ముందు దీని గురించి మాట్లాడాలి. మీలాగే పింఛను వస్తోందన్న ధీమాతో పక్కన రూపాయి పెట్టుకోని మాజీ సైనికులు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

లెక్క చూడండి. బ్యాంకు కిస్తీ 13,700. ఏడు లక్షలకి నూటికి రెండు చొప్పున నెల వడ్డీ 14,000. రెండూ కలిపితే 27,700. మీ పింఛను 28,000. ఇరవై నాలుగేళ్ల సర్వీసుకి దేశం మీకు ఇస్తున్న దాంట్లో నెలకు మిగిలేది మూడు వందలు. పైగా ఆ 14 వేలు ఒట్టి వడ్డీయే, అసలు అలాగే ఉంటుంది. ఐదేళ్లు కడితే 8 లక్షల 40 వేలు కట్టినట్టు, అయినా ఏడు లక్షల బాకీ ఏడు లక్షలుగానే ఉంటుంది. ఇక ఖాళీ చెక్కుల మీద ఏ అంకె పడుతుందో మీ చేతిలో ఉండదు. అది బౌన్సయితే కోర్టుకి తిరగాల్సింది మీరే. ఎంత తెలిసినాయనైనా సరే, ఈ అప్పు ముట్టుకోవద్దు. చెక్కులు ఇచ్చేసి ఉంటే ఈ వారమే వెనక్కి అడిగి తీసుకోండి.

పింఛను లోన్ చట్టబద్ధమైనదే, వడ్డీ కూడా తక్కువే. కానీ మీ ఇంట్లో తప్పకుండా వచ్చే ఆదాయం అదొక్కటే. మీకు జరగరానిది జరిగితే మీ ఆవిడకి ఎప్పటికీ ఇదే మొత్తం రాదు. పింఛను చివరి జీతంలో సగం లెక్కన వస్తుంటే, ఫ్యామిలీ పెన్షన్ మొదటి కొన్నేళ్ల తర్వాత మామూలు రేటుకి దిగి, ఆ జీతంలో 30 శాతం లెక్కనే వస్తుంది. కిస్తీ మాత్రం తగ్గదు. ఇంకో మాట. 2014లో కమ్యూట్ చేసిన, అంటే ముందుగానే ఒకేసారి సొమ్ముగా తీసుకున్న భాగం పదిహేనేళ్లు నిండాక, అంటే 2029లో, మళ్లీ మీ పింఛనులో కలుస్తుంది. ఆ పెరుగుదల మీ ఇంటికి రావాలి. ఇల్లు తాకట్టు గురించి అడిగారు, వద్దు.

మరి ఏం చేయాలి? ద్రాస్ దారిలోని జోజిలా కనుమ మంచుతో మూసుకుపోక ముందే చలికాలమంతటికీ సరిపడా రేషన్, కిరోసిన్ పైకి చేర్చేది మీ కోర్ వాళ్లే. రోడ్డు తెరిచే ఉంది కదా, రేపు చూద్దాం అని మీరు ఎప్పుడూ అనుకొని ఉండరు. షాపుకి కూడా ఆ నిల్వ కావాలి. పింఛను నెలనెలా వచ్చే లారీ లాంటిది, నిల్వ కాదు. హుద్‌హుద్ రోజున మీకు కావలసింది ఒక్కసారిగా ఆరు లక్షలు, మీ చేతికొచ్చింది ఆ నెల పింఛను. ఆ వారం మా వీధిలో కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పాల ప్యాకెట్ కోసం చేతిలో నోట్లు ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. అప్పటినుంచి ఈ మాట ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

పిల్లల ఫీజులతో కలిపి మీ ఇంటి ఖర్చు 42 వేలని రాశారు. షాపు అద్దె 18 వేలు, ఇద్దరు పనివాళ్ల జీతాలు 24 వేలు. మొత్తం 84 వేలు. షట్టర్ మూసినా ఇవి ఆగవు. ఆరు నెలలకి 5 లక్షలు. ఇదే మీ మొదటి లక్ష్యం, గాజువాక షాపు దీని తర్వాతే.

ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుందంటారా, మీ అరువు పుస్తకంలోనే కొంత ఉంది. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు 3 లక్షల 20 వేలు ఇవ్వాలని రాశారు. అందులో సగం వసూలైనా 1 లక్ష 60 వేలు. పాత బాకీ తీరేదాకా కొత్త అరువు ఆపేయండి. మిలట్రీ కొట్టు అని నమ్మి వస్తున్నారు కాబట్టి ఖచ్చితంగా అడిగినా ఎవరూ తప్పు పట్టరు. ఖర్చులు పోగా నెలకు మిగిలే 15, 16 వేలు మళ్లీ సరుకులో పెట్టేస్తున్నారు కదా, అందులో 15 వేలు ఈ నిధికి మళ్లించండి. ఉన్న 40 వేలు, వసూలైన బాకీ కలిపి రెండు లక్షలవుతుంది, మిగతా మూడు లక్షలు ఇరవై నెలల్లో చేరతాయి. పింఛను పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో మీ ఆవిడతో కలిసి జాయింటు ఖాతా తెరిచి ఫ్లెక్సీ డిపాజిట్‌గా (డిపాజిట్ వడ్డీ వస్తూనే, అవసరమైతే తీసుకోగలిగేది) ఉంచండి. ఓ పాతిక వేలు ఇంట్లో నోట్లుగా ఉండాలి.

ఇరవై నెలల తర్వాత రెండో షాపు పెడితే, తాకట్టు లేకుండా పది లక్షల దాకా ముద్రా లోన్ ఉంది, షాపు ఆదాయం మీద అడగండి. మాజీ సైనికులు 50 ఏళ్లకే సీనియర్ సిటిజన్ పొదుపు స్కీమ్‌లో చేరవచ్చు, అది కూడా తర్వాత సంగతి. ఆసుపత్రి ఖర్చులకి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంది, మీ ఆవిడ, పిల్లల కార్డులు సరిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

షాపుకి బీమా ఉందో లేదో మీరు రాయలేదు, బహుశా లేదు. 2014లో తడిసి గట్టిపడ్డ సిమెంటు బస్తాలు పారబోసిన మీకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చిన్న వ్యాపారాల కోసం 2021 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది, తుఫాను, వరద నష్టం అందులో వస్తుంది. ఇప్పుడున్న సరుకు పూర్తి విలువకి తీసుకోండి, తక్కువ చూపిస్తే క్లెయిమ్ కూడా తగ్గే ప్రమాదముంది. తుఫాను హెచ్చరిక వచ్చాక పాలసీ దొరకడం కష్టం, కాబట్టి అక్టోబరు లోపే ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.